లేఅవుట్ అయినా, సోలార్ అయినా... ఫైల్లో మన మట్టికి ఒక్క గడీ లేదు



నవధాన్యాల వీడియో కింద ఈసారి విత్తనాల గురించి కంటే వేరే ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. "అన్నా, మా చేను పక్కన లేఅవుట్ వేస్తున్నారు, మేం ఏం చేయాలి?" అని కొందరు. "సోలార్ వాళ్లు కౌలుకు అడుగుతున్నారు, ఇయ్యొచ్చా?" అని ఇంకొందరు. మా ఊళ్లో ఈ ఏడాది ఈ రెండు ఫైళ్లూ ఒకేసారి నడిచాయి. చూసింది, చదివింది, ఆఫీసుల్లో అడిగి తెలుసుకున్నది ఒకచోట రాస్తున్నా. వంక, గట్టు, డబ్బా పరీక్ష పై వీడియోలో చూపించాను. లెక్కలు, నిబంధనలు మాత్రం చదువుకుంటేనే బుర్రకెక్కుతాయి.

ముందే ఒక మాట. నేను ఇళ్లకూ వ్యతిరేకం కాదు, సోలార్‌కూ కాదు. మా గానుగ షెడ్డు మీద ప్యానెళ్లు ఉన్నాయి, పగలంతా వాటి కరెంటుతోనే వేరుశనగ నూనె తీస్తాం. ఊళ్లో పెళ్లయిన పిల్లలకు ఇంటి జాగా కావాల. అది కూడా నిజమే. నా బాధ వేరే. భూమి మీద నిర్ణయం తీసుకునే కాగితాల్లో సర్వే నంబరుకు గడి ఉంది, విస్తీర్ణానికి ఉంది, రోడ్డు వెడల్పుకు ఉంది, ధరకు ఉంది. ఆ మట్టి ఎట్లాంటిది, వాన పడితే ఎంత తాగుతుంది, కింద చేలకు ఏం ఇస్తుంది అనేదానికి గడి లేదు. మనం ఆరేళ్లు, పదేళ్లు కష్టపడి పెంచుకునేది ఆ మట్టినే. ఆ గడి మనమే గీసి, మనమే నింపి ఫైల్లో పెట్టాలి. ఈ వ్యాసం అంతా దాని గురించే.

మా ఊళ్లో రెండు ఫైళ్లు

మాది శ్రీ సత్యసాయి జిల్లా, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. 2017లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వస్తుందని తెలిసినప్పటి నుంచి ఈ పక్క భూమి ధర మారిపోయింది. 2019లో కార్లు బయటికి వచ్చాక బెంగళూరు నుంచి ప్లాట్లు చూసుకునేవాళ్లు ఆదివారం ఆదివారం వస్తున్నారు. ఇది మీకు తెలిసిన కథే. షాద్‌నగర్ అయినా, తాడేపల్లిగూడెం అయినా, పేరు మారుతుందంతే.

నా చేను 6 ఎకరాలు, ఎర్రనేల. వేరుశనగ, కంది, ఆముదం, కొర్ర కలిపి వేస్తాం. రసాయనం ఆపి ఆరేళ్లు అయింది. మొదటి ఏడాది భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.3 శాతం దగ్గర ఉండేది. పోయినేడు 0.5 దాటింది. ఈ అంకె మన ప్రకృతి సేద్యం చేసేవాళ్లకు ఎంత విలువైందో మీకు చెప్పక్కర్లేదు.

నా చేనుకు ఎగువన 12 ఎకరాల చేను ఉంది. దాన్ని కొన్నవాళ్లు లేఅవుట్‌కు దరఖాస్తు పెట్టారు. ఇది మొదటి ఫైలు.

రెండోది సోలార్. ఊరికి పడమర పక్క సుమారు 150 ఎకరాల పట్టా భూమి కౌలుకు కావాలని ఒక ఏజెంటు ఇంటింటికీ తిరిగాడు. దాని పక్కనే 38 ఎకరాల గయాళు ఉంది, మా ఊరి ఆవులు, గొర్రెలు మేసేది అక్కడే. అది కూడా ప్రాజెక్టులోకి అడుగుతున్నారని తర్వాత తెలిసింది.

లేఅవుట్ ఫైలు పంచాయతీ సమావేశంలోకి వచ్చింది. కార్యదర్శి చదివి వినిపించాడు, ప్లాను బల్ల మీద పరిచాడు. సోలార్ ఫైలు మాత్రం సమావేశంలోకి రాలేదు. మట్టి రోడ్డు వెడల్పు చేసుకోవడానికి అనుమతి అడిగిన కాగితంగా మాత్రమే వచ్చింది. 12 ఎకరాల మీద అరపూట మాట్లాడుకున్నాం, 150 ఎకరాల మీద ఎవరి ఇంట్లో వాళ్లే సంతకం పెట్టుకున్నారు. ఎందుకు ఇట్లా? అది తెలియాలంటే ఎవరి చేతిలో ఏముందో చూడాలి.

పంచాయతీ చేతిలో ఏముంది

లేఅవుట్ విషయంలో పంచాయతీకి పాత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో గ్రామ పంచాయతీ లేఅవుట్, భవన నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం టౌన్ ప్లానింగ్ వాళ్లు సాంకేతికంగా ప్లాను చూడాలి, పంచాయతీ అనుమతి ఇవ్వాలి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీకి రాసివ్వాలి. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోకి వచ్చే ఊళ్లలో ఆ సంస్థ మాట పెద్దది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక పంచాయతీ సొంతంగా లేఅవుట్ పాస్ చేసే వీలు తగ్గింది. కానీ అదే చట్టం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ పెట్టాలని కూడా చెప్పింది. తెలంగాణ మిత్రులు ఈ మాట గట్టిగా పట్టుకోండి.

నిబంధన ఉన్నా జరిగేది వేరే అని మనకు తెలుసు. 2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధం చేసుకోమంటే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్ని ప్లాట్లు ముందు అమ్ముడుపోయి, తర్వాత కాగితం కోసం వచ్చినవే. అందులో కుంట నీళ్లొచ్చే దారి మీద ఉన్నవి, పంటకాలువ పూడ్చినవి ఎన్నో లెక్క తేల్చినవాళ్లు లేరు.

సాగు భూమిని వేరే పనికి మార్చాలంటే ఇన్నాళ్లూ 2006 నాటి నాలా చట్టం కింద మార్పిడి చేయించుకోవాలి. అక్కడ కూడా చూసేది భూమి విలువలో ఎంత శాతం ఫీజు కట్టాలనేదే. మాగాణా, మెట్టా, ఏటా రెండు పంటలు పండేదా అని ఆపిన సందర్భం నేనైతే వినలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టాన్నే తీసేయాలని నిర్ణయించింది. దళారుల చేతులు, తిరుగుడు తగ్గుతాయి, మంచిదే. కానీ "ఇది సాగు భూమి" అని ఒక్కసారైనా గుర్తుచేసే గుమ్మం కూడా తగ్గింది.

ఇక సోలార్. బొగ్గు కరెంటు ప్లాంటు పెట్టాలంటే పర్యావరణ అనుమతి కావాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సోలార్ ప్యానెళ్ల ప్రాజెక్టుకు 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద అది అవసరం లేదు. పొగ రాదు కాబట్టి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే 80 శాతం మంది ఒప్పుకోవాలి, సామాజిక ప్రభావం మీద అధ్యయనం చేయాలి. కౌలుకు తీసుకుంటే ఆ చట్టం గడపే తొక్కక్కర్లేదు. అందుకే 150 ఎకరాల సోలార్ మీద ఊరు మొత్తం కూర్చుని మాట్లాడే సందర్భమే రాదు. రైతు, కంపెనీ మధ్య వ్యవహారం అయిపోతుంది. కౌలుకు ఇవ్వని పక్క రైతు, భూమి లేని కూలీ, గొర్రెలకాపరి ఈ ముగ్గురికీ అందులో చోటు లేదు.

పావగడ చెప్పే లెక్క

మాకు పక్కనే కర్ణాటకలో పావగడ ఉంది. తాలూకా కర్ణాటకదే అయినా అక్కడ ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా మన తెలుగే. తిరుమణి చుట్టూ 5 ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2018లో మొదలైంది. అక్కడ భూమి కొనలేదు, రైతుల దగ్గర 28 ఏళ్ల కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. రైతు పేరు మీదే భూమి ఉంటుంది కాబట్టి దేశమంతా దీన్ని మంచి నమూనాగా చెప్పుకున్నారు. మన కర్నూలు పార్కులో పద్ధతి వేరే. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్లకు సుమారు 5,900 ఎకరాలు పట్టింది. ఈ రెండూ చూస్తే మెగావాట్‌కు 6 ఎకరాల దాకా పోతుందని లెక్క పెట్టుకోవచ్చు.

కరువు సీమలో ఎకరాకు 21,000 చిన్న మాట కాదు. వాన రాకపోయినా వచ్చే డబ్బు అది. అయితే పెంపు లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. రెండేళ్లకు 5 శాతం అంటే 28 ఏళ్లలో 13 సార్లు పెరుగుతుంది. చివరి రెండేళ్లు చేతికొచ్చేది ఎకరాకు సుమారు 39,600. బయట ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరుగుతాయి అనుకుంటే, ఈరోజు 21,000తో కొనేది ఆ రోజు కొనాలంటే సుమారు 75,000 కావాలి. అంటే కౌలు అంకె పెరుగుతూ ఉన్నా, దాని విలువ సగానికి దిగిపోతుంది. మన పక్క ఇప్పుడు ఎకరాకు 30 వేల చుట్టూ మాట్లాడుతున్నారు. మొదటి అంకె పెద్దదైనా పెంపు అదే రెండేళ్లకు 5 శాతం అయితే ఈ లెక్కలో తేడా ఏమీ రాదు.

ఇంకో సంగతి. పావగడలో భూమి ఉన్నవాళ్లకు కౌలు వచ్చింది. భూమి లేనివాళ్లకు కలుపు, కోత పనులు పోయాయి. కంచెలు పడ్డాక గొర్రెలు మేసే దారి పోయింది, మందలు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కాపలా లాంటి పనులు వచ్చాయి గానీ అవి కొద్దిమందికే.

గయాళు పోతే జీవామృతం ఎక్కడిది?

ఇది మన ప్రకృతి రైతులకు సంబంధించిన ముఖ్యమైన చోటు, ఒక నిమిషం ఆగుదాం.

ఎకరాకు ఒకసారి ద్రవ జీవామృతం కలపాలంటే 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 200 లీటర్ల నీళ్లు. ఘనజీవామృతానికి ఇంకా ఎక్కువ పేడ. మన ఊళ్లలో నాటు ఆవుకు దాణా కొని పెట్టి పోషించేవాళ్లు ఎంతమంది? పొద్దున తోలుకుపోతే సాయంత్రం కడుపు నింపుకుని వచ్చేది గయాళులోనే. ఆ 38 ఎకరాలకు కంచె పడితే మొదటి ఏడాది ఆవులు అమ్ముడుపోతాయి, రెండో ఏడాది జీవామృతం ఆగుతుంది, మూడో ఏడాది యూరియా బస్తా వస్తుంది. నా చేనులో ఒక్క సెంటు కూడా పోకుండానే నా సేద్యం పోతుంది.

రెవెన్యూ కాగితంలో ఆ భూమికి రాసింది "సాగుకు పనికిరాని బంజరు" అని. మా ఊళ్లో లెక్క తీశాం. 140 ఆవులు, 900 దాకా గొర్రెలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. పనికిరానిది అంటే ఎవరికి పనికిరానిది?

ఈ గడి ఉన్న చోటు కూడా ఉంది

మట్టి గురించి అడిగే పద్ధతి ప్రపంచంలో ఎక్కడైనా ఉందా అని వెతికితే ఇంగ్లండ్‌లో కనబడింది. అక్కడ ఇళ్లు కట్టాలన్నా, సోలార్ ఫారం పెట్టాలన్నా ముందు స్థానిక కౌన్సిల్‌కు ప్లానింగ్ దరఖాస్తు పెట్టాలి. భూమి నీ సొంతమే అయినా సరే. ఆ స్థలం దగ్గర నోటీసు కడతారు, లేదా చుట్టుపక్కల వాళ్లకు ఉత్తరాలు పంపుతారు. దరఖాస్తు, ప్లాను, నివేదికలు అన్నీ ఆన్‌లైన్లో ఉంటాయి. మామూలుగా 21 రోజుల్లోపు ఎవరైనా అభిప్రాయం రాసి పంపొచ్చు. పెద్ద దరఖాస్తు అయితే 13 వారాల్లో తేల్చాలని గడువు. కాదంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, దాని మీద అప్పీలు ఉంటుంది.

మనకు పనికొచ్చేది ఇంకోటి. అక్కడ సాగు భూమికి 1 నుంచి 5 వరకు గ్రేడులు ఉన్నాయి. 3ను మళ్లీ 3ఏ, 3బీ అని విడగొట్టారు. 1, 2, 3ఏ గ్రేడులు శ్రేష్ఠమైన భూమి కింద లెక్క. మట్టి లోతు, నీరు నిలవడం, వాలు, వాతావరణం చూసి గ్రేడు వేస్తారు. సోలార్ ఫారం కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు భూమి గ్రేడు చూపించాలి, మంచి భూమి ఎందుకు తీసుకోవాల్సి వచ్చిందో సమాధానం చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో ఈ మాట మీద తిరస్కరించిన సోలార్ దరఖాస్తులు ఉన్నాయి.

అట్లాగని అక్కడ అంతా సవ్యమే అనుకోవద్దు. 2025 చివరిదాకా 50 మెగావాట్లు దాటిన సోలార్ మీద స్థానిక కౌన్సిల్ నిర్ణయం చెల్లేది కాదు, అది కేంద్ర మంత్రి చేతిలోకి పోయేది. కేంబ్రిడ్జ్‌షైర్, సఫోక్ సరిహద్దులో సన్నికా అనే 500 మెగావాట్ల ప్రాజెక్టును స్థానిక కౌన్సిళ్లు వద్దన్నాయి. పరిశీలించిన అధికారులు కూడా అనుమతి వద్దనే సిఫారసు చేశారు. 2024 జూలైలో మంత్రి అనుమతి ఇచ్చేశారు. ఊరి మాట మీద పైవాళ్ల మాట గెలవడం అక్కడా ఉంది. కానీ ఆ మంత్రి కూడా "భూమి గ్రేడు ఇది, అయినా ఈ కారణంతో ఇస్తున్నాం" అని రాయాల్సి వచ్చింది. మన దగ్గర ఆ వాక్యం రాయాల్సిన అవసరమే ఎవరికీ రావడం లేదు.

మేం గీసిన గడి

అందుకని లేఅవుట్ ఫైలు వచ్చినప్పుడు మేం ఏడుగురు రైతులం కలిసి మా తరఫున నాలుగు కాగితాలు తయారుచేశాం. పెద్ద ఖర్చేమీ కాలేదు.

ఒకటి, నీళ్ల దారి పటం. ఎగువ చేనులో పడిన వాన ఒక చిన్న పాయగా వచ్చి, నా గట్టు పక్కనుంచి వంకలో కలుస్తుంది. సర్వే పటంలో ఆ పాయ లేదు. ప్లానులో దాని మీదనే మూడో నంబరు రోడ్డు గీశారు. ఫోన్లో మ్యాప్ తీసుకుని, చేను నడిచి, వాలు గుర్తు పెట్టి పటం గీశాం.

రెండు, డబ్బా పరీక్ష. అడుగు తీసేసిన పెయింట్ డబ్బా నేలలో నాలుగు వేళ్ల లోతు దించి లీటరు నీళ్లు పోయడమే. డిప్లొమాలో నేర్చుకున్నదే, ఇనుప రింగు బదులు డబ్బా. నా చేనులో 4 నిమిషాల్లో ఇంకింది. జేసీబీతో చదును చేసిన ఎగువ చేనులో 20 నిమిషాలైనా నీళ్లు నిలబడే ఉన్నాయి.

మూడు, వాన లెక్క. 50 మిల్లీమీటర్ల వాన ఒక్క ఎకరా మీద పడితే 2 లక్షల లీటర్లు. 12 ఎకరాలకు 24 లక్షల లీటర్లు. ఊళ్లోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లతో పోలిస్తే 480 ట్యాంకర్లు. అందులో సగం ఇంకకుండా కిందికొచ్చినా మా ఏడుగురి చేలలో పైమట్టి ఉండదు.

నాలుగు, మా మట్టి రుజువులు. భూసార పరీక్ష ఫలితాలు, ఈ-పంట నమోదు కాగితాలు, పీజీఎస్ గ్రూపు పత్రాలు.

సమావేశంలో "ఇది అభివృద్ధికి అడ్డం" అని ఒకాయన లేచాడు. సర్పంచ్ అక్క ఆయన్ను కూర్చోబెట్టి నన్ను అడిగింది, "వద్దు అంటావా, ఎట్లా చేయాలో చెప్తావా?" అని. "ఎట్లా చేయాలో చెప్తామక్కా" అన్నాం. మేం అడిగినవి మూడే. పాయను మూయకుండా దాని మీద పైపు కల్వర్టు కట్టాలి. తూర్పు పక్క కాలువ తీసి వంకలోకి కలపాలి. పంచాయతీకి ఇచ్చే 10 శాతం ఖాళీ స్థలం ఎక్కడో మూలన మిట్ట మీద కాకుండా పల్లంలో ఇచ్చి, అందులో నీటి గుంట తీయాలి.

పంచాయతీ ఈ మూడు షరతులు తీర్మానంలో రాసింది. టౌన్ ప్లానింగ్ నుంచి ప్లాను వెనక్కి వచ్చింది, మార్చారు. రెండు ప్లాట్లు పోయాయని లేఅవుట్ ఆయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. కాలువ తీశారు, కల్వర్టు పడింది. ఇంకా గట్టి వాన పడలేదు. పడ్డ రోజు వీడియో తీసి పెడతా, పనిచేసిందో లేదో మీరే చూద్దురు.

చిన్నాయన సంతకం

సోలార్ విషయంలో అంత సులువుగా జరగలేదు. మా చిన్నాయనకు ఆ 150 ఎకరాల్లో 4 ఎకరాలు ఉంది. సంతకం పెట్టొద్దని చెప్పడానికి పోయినా.

"ఒరేయ్ అబ్బీ, నీకు గానుగ ఉంది, యాపారం ఉంది. నాకు మూడు బోర్లు ఎండిపోయి అప్పు మిగిలింది. చెనక్కాయ వేస్తే పందులు, లేకపోతే వాన. ఏటా ఎకరాకు ముప్పై వేలు ఇంటికొస్తాంటే నేనెందుకు వద్దనాల?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన మాటలో అబద్ధం లేదు. ప్రకృతి సేద్యం గురించి మనం ఎంత చెప్పినా, 60 ఏళ్ల మనిషికి వచ్చే ఏడాది అప్పు కట్టే దారి కావాల. ఆ రోజు నుంచి "వద్దు" అనడం మానేసి, "పెట్టేముందు కాగితం చదువుదాం చిన్నాయనా" అని కూర్చున్నా. ఇద్దరం కలిసి ఒప్పందం చదివి, నాలుగు మార్పులు అడిగాం. మూడు ఒప్పుకున్నారు. సంతకం పెట్టిన రోజు నుంచే కౌలు లెక్క, పక్క చేలకు 12 అడుగుల బండి దారి, గడ్డి మందు కొట్టకుండా కోయడమో గొర్రెలతో మేపించడమో. పెంపు రేటు మాత్రం కదల్లేదు. ఇదే కాగితం చూపించి మిగతా రైతులు కూడా ఆ మూడు రాయించుకున్నారు.

గడ్డి మందు షరతు చిన్నదిగా కనబడొచ్చు. ప్యానెళ్ల కింద గడ్డి పెరగకుండా మందు కొడితే వాన నీళ్లతో అది మన చేలోకి వస్తుంది. పీజీఎస్‌లో పూర్తి సేంద్రియ గుర్తింపు రావడానికి మూడేళ్ల దాకా ఆగుతాం. పక్కనుంచి వచ్చిన ఒక్క వరదతో ఆ మూడేళ్లు పోతాయి.

38 ఎకరాల గయాళు సంగతి ఇంకా తేలలేదు. ఆవులు, గొర్రెల లెక్క, కాపరుల సంతకాలు, మేత పటం కలిపి పంచాయతీ తీర్మానంతో కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం. జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

మీ ఊళ్లో ఫైలు వస్తే

లేఅవుట్ అయితే:

1. ప్లాను కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి.

2. వంక, కాలువ, కుంట ఎక్కడున్నాయో చూడండి. భవన నిబంధనల్లో 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు దాటిన చెరువు పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు, పెద్ద వాగులకు 9 మీటర్లు వదలాలని ఉంది. 2002 నాటి వాల్టా చట్టం కూడా నీటి వనరులకు రక్షణగా ఉంది.

3. చదును చేసేముందే పోండి. జేసీబీ దిగాక పాయ ఎక్కడుండేదో చూపించలేరు.

4. అభ్యంతరం రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాట తీర్మానంలోకి ఎక్కదు.

5. "వద్దు" అని మాత్రమే రాయొద్దు. ఏం మార్చాలో పటం మీద గీసి ఇవ్వండి.

సోలార్ కౌలు అయితే:

1. ఒప్పందం ఎవరితో? ఏజెంటుతోనా, కంపెనీతోనా? ఏడాది దాటిన కౌలు రిజిస్టర్ చేయాల్సిందే. తెల్లకాగితం, నోటరీ చాలవు.

2. కౌలు ఏ రోజు నుంచి లెక్క? "ప్రాజెక్టు మొదలైన రోజు నుంచి" అని ఉంటే, రెండు మూడేళ్లు మీ భూమి ఉత్తిగా కట్టుబడి ఉండొచ్చు.

3. పెంపు ఏటానా, రెండేళ్లకోసారా? పైన వేసిన లెక్క మీ అంకెతో వేసుకోండి.

4. మీ భూమి చూపించి వాళ్లు అప్పు తెచ్చుకునే హక్కు ఒప్పందంలో ఉందా? ఉంటే లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దు.

5. గడువు అయ్యాక దిమ్మెలు, ఇనుము, తీగలు తీసి భూమిని సాగుకు పనికొచ్చేట్టు అప్పగించే ఖర్చు ఎవరిది? పైమట్టి తీస్తే ఒక పక్కన కుప్ప పోసి ఉంచాలని రాయించండి.

6. బండి దారి, నీళ్ల దారి, గడ్డి మందు. ఈ మూడూ కౌలుకు ఇవ్వని పక్క రైతు కోసం. మీరు ఇచ్చేవాళ్లయినా వాళ్ల కోసం అడగండి.

ఇంకో దారి కూడా చూడండి. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం మొదటి భాగం కింద రైతులు గానీ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు గానీ, పంచాయతీలు గానీ 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంటు పెట్టుకోవచ్చు. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు భూమి ఉండాలి. డిస్కం 25 ఏళ్లు కరెంటు కొంటుంది. పెట్టుబడి కోట్లలో ఉంటుంది కాబట్టి ఒక్క రైతుకు కష్టం, సంఘంగా ఆలోచించాలి. సాగు భూమి అయితే ప్యానెళ్లు ఎత్తున కట్టి కింద పంట తీయాలని ఆ పథకమే చెబుతోంది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల ప్యానెళ్ల కింద, వరుసల మధ్య పంటలు పండించి చూస్తోంది. కొచ్చి విమానాశ్రయం ప్యానెళ్ల మధ్య కూరగాయలు పండిస్తోంది. పెసర, కొత్తిమీర లాంటివి మన ఎండకు ఆ నీడలో ఎట్లా వస్తాయో చూడాలని నాకూ ఉంది. గానుగ షెడ్డు పక్కన నాలుగు ప్యానెళ్లు ఎత్తున కట్టి ఈ వేసవిలో వేస్తున్నా.

ఈ నెలలో మీరు చేయాల్సిన పని ఒక్కటే. మీ పక్కన ఏ ఫైలూ లేకపోయినా సరే, మీ చేను భూసార పరీక్ష, డబ్బా పరీక్ష, నీళ్ల దారి పటం, ఈ-పంట కాగితం, ఫొటోలు తేదీతో సహా ఒక కవర్లో పెట్టుకోండి. ఊళ్లో పది మంది కలిసి చేస్తే ఇంకా మంచిది. డబ్బా పరీక్ష ఎట్లా చేయాలో వీడియోలో 6వ నిమిషం దగ్గర ఉంది. మీ చేనులో లీటరు నీళ్లు ఎన్ని నిమిషాల్లో ఇంకాయో, నేల రకంతో పాటు కింద కామెంట్లో రాయండి. అన్నీ కలిపి ఒక పట్టిక వేసి తర్వాతి వీడియోలో పెడతా.